బేచిరాకు అని రాసిన ఊరు

మొన్న పింఛను పని మీద కచేరీకి వెళితే ఒక కుర్ర గుమాస్తా నన్ను కూర్చోబెట్టి, మీ కాలంలో ఈ తాలూకాలో ఊళ్ళెన్ని ఉండేవి తాతా అని అడిగాడు. ఊరికే మర్యాదకి అడిగి ఉంటాడు, పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఉన్న ఊళ్ళా, రాసిన ఊళ్ళా, ఏ లెక్క కావాలి నాయనా అన్నాను. ముసలాయనకు మతి చలించిందనుకుని టీ తెప్పించాడు. మతి బాగానే ఉంది. తగ్గంది కోపమే. ఆ కోపం ఎక్కడ పుట్టిందో ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన వాళ్ళు చదివి బాగుపడతారని కాదు. బాగుపడే ఆశ ఉంటే ముప్పై ఏళ్ళు నేను ఆ కుర్చీలో కూర్చుని బాగుపడి ఉండాల్సింది.

మీరిప్పుడు బస్సులో కునుకు తీస్తూ దాటేసే కనుమదారి మా రోజుల్లో ఒక పూట ప్రయాణం. తూర్పున తిరుపతి కొండలు, వాటి వెనక మళ్ళీ కొండలు. ఇటు పాకాల వైపు వస్తే రాళ్ళగుట్టలు, గుట్టల మధ్య చింతతోపులు, మామిడితోటలు. నీళ్ళున్న చోట కాపుల ఊళ్ళు. ఆ ఊళ్ళకు ఎడంగా మాలపల్లె, అందులో బోదకప్పు వేసిన చిన్న చర్చి. మెట్టల మీద గొల్లలు, గుట్టల వార సుగాలీల తండాలు. ఇక చెట్లు చిక్కబడి, బండిబాట కాలిబాటై, ఆ కాలిబాట కూడా అక్కడక్కడా మాయమయ్యే చోట యానాదులు. మా తాలూకా పటంలో సగానికి పైగా అడవిని చూపించే పచ్చరంగే. ఆ పచ్చరంగులో ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో కచేరీలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు. శిస్తు రాని చోట మనిషి ఉంటేనేం, లేకుంటేనేం.

యుద్ధం నడుస్తోంది. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. అది చాలదన్నట్టు వానలు మొహం చాటేశాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. గింజల మీద కంట్రోలు పెట్టారు. ఏ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కలు చూసి, దాని ప్రకారం ఊరికి ఇన్ని రాగులని పంపాలి. ఆ పని చూసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళి, కొత్త సైకిలు. తాలూకా అంతటికీ నేనే విస్తళ్ళు వేసి వడ్డిస్తున్నానన్నంత గర్వంగా ఉండేది.

నా పైన హెడ్ గుమాస్తా ఒకాయన ఉండేవారు. ఆయన చెడ్డవాడు కాదు. ముందే ఈ మాట ఎందుకంటున్నానంటే, అంతా చదివాక మీరు ఆయన్ని తిట్టుకుంటారు. మధ్యాహ్నం పెరుగన్నం తినేటప్పుడు ఊరమిరపకాయల్లో సగం నా ఆకులో పెట్టేవారు. నా భార్యకు విషజ్వరం వస్తే తగ్గేదాకా వాళ్ళింటి నుంచే పథ్యం వచ్చింది. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, రాసిందాని మీద నమ్మకం. కచేరీ ముంగిట వేపచెట్టు కొట్టేశారని కాగితంలో ఉంటే, ఆ చెట్టు నీడలోనే నిలబడి అబ్బా ఏం ఎండ అనగల మనిషి. మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దెక్కాక వరండాలోకి ఒక యానాది ముసలామె వచ్చి నిలబడింది. పొట్టి మనిషి. పొగవాసన, తేనెవాసన కలిసి కొడుతోంది. బంట్రోతు అదిలిస్తే ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ అక్కడే నిలబడింది. కింది ఊరి వాళ్ళకు రాగులు ఇస్తున్నారట, మాకు ఎక్కడ ఇస్తారని అడగడానికి వచ్చిందామె. తెల్లవారకముందే కొండ దిగిందట. ఏ ఊరని హెడ్ గుమాస్తా అడిగితే చెప్పింది. ఆయన ఊళ్ళ పట్టీ తీసి, ఆ పేరు మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపారు. ఆ ఊరికి ఎదురుగా బేచిరాకు అని ఉంది.

ఈ మాట ఇప్పుడు మీకు తెలియకపోవచ్చు. నవాబుల కాలం నుంచి రెవెన్యూ వాళ్ళ నోళ్ళలో నలిగిన మాట. చిరాగు అంటే దీపం. బేచిరాకు అంటే దీపం పెట్టే దిక్కు లేని ఊరు. ఊరి పేరుంది, పొలిమేర ఉంది, మనుషుల్లేరు అని చెప్పడానికి ఈ ఒక్క మాట రాస్తే సరిపోతుంది. హెడ్ గుమాస్తా ఆమెకు ఓపిగ్గా, మెత్తగా, పోయిన జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో ఎవరూ లేరని తేలిందనీ, అందుకే రాగులు కేటాయించలేదనీ వివరించారు.

ఆమె అంతా విని, "ఊళ్ళో ఎవురూ లేకపోతే, నేను యాడనించి వచ్చినా సామీ?" అంది.

"అదేనమ్మా నేనూ అడగతా ఉండేది," అన్నారాయన.

కచేరీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దవాళ్ళు నవ్వితే నవ్వాలనుకుందో ఏమో, ఆమె కూడా నవ్వింది. నవ్వులు అయ్యాక, రాగులు యాడ ఇస్తారు సామీ అని మళ్ళీ మొదటి ప్రశ్నే వేసింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆదివారం నేను సైకిలెక్కి కొండ కింది ఊరిదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచి ఎక్కాను. నడుం వంచి దూరాల్సిన గుడిసెలు, వాటి ముందర రాళ్ళ పొయ్యిలు, ఆరబోసిన కుంకుడుకాయలు, నన్ను చూసి మొరిగే కుక్కలు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పసిబిడ్డలు, పడుచువాళ్ళు. ఏ ఊళ్ళోనైనా ఎవరుంటారో అందరూ ఉన్నారు. కాకపోతే అందరి డొక్కలూ లోపలికి పోయి ఉన్నాయి. వంక ఎండిపోయింది. అడవిగడ్డలు తవ్వి తవ్వి దగ్గర్లో ఏమీ మిగల్లేదు. దూరం పోదామంటే రిజర్వు అడవిలో గార్డులు తరుముతారు. కచేరీకి వచ్చిన ముసలామే ఆ ఊరికి పెద్ద. అందరూ అవ్వ అనే పిలుస్తారు, నేనూ అట్లాగే పిలిచాను.

జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు మీరంతా ఎక్కడికి పోయారని అడిగాను. ఎక్కడికీ పోలేదంది. ఆ దినాల్లో ఊళ్ళో అమ్మ ఉండిందట. అమ్మ అంటే తెలుసుగా, మశూచి. బాట మీద వేపమండల తోరణం కట్టి, బయటివాళ్ళు లోపలికి రాకుండా, లోపలివాళ్ళు బయటికి పోకుండా గుడిసెల్లో ఉన్నారు. అమ్మ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకొక కట్టడి ఉంది. బయట నుంచి ఎవరు పిలిచినా వెంటనే పలకరు.

"మడిసయితే మూడుతూర్లు పిలుస్తాడు సామీ. అమ్మ రెండుతూర్లే పిలుస్తాది. పలికితే ఎంట తీసకపోతాది," అంది అవ్వ. ఒక సందెవేళ తోరణం అవతల నుంచి ఎవరో రెండుసార్లు పిలిచారు. అందరూ విన్నారు. పసిబిడ్డల నోళ్ళు మూసి, మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మూడో పిలుపు రాలేదు. పిలిచింది అమ్మేననీ, వచ్చి వెళ్ళిపోయిందనీ, గండం గడిచిందనీ అనుకుని మర్నాడు పొంగలి పెట్టుకున్నారట.

దిగి వస్తూ నేరుగా కరణం ఇంటికి వెళ్ళాను. కింది ఊరి కరణమే ఈ ఊరికీ కరణం, లెక్కలు రాసింది ఆయనే. మర్యాద తెలిసిన మనిషి. మజ్జిగ ఇప్పించి, విసనకర్ర అందించి, ఎండలో వచ్చినావే అప్పా అని నొచ్చుకున్నాడు. ఆ సందెవేళ పిలిచింది మీరేనా అంటే, నేనే, రెండుతూర్లు పిలిచినా, పలకలేదు, పలకని ఊరిని ఏమని రాయాల అన్నాడు. యానాదుల కట్టడి మీకు తెలియదా అన్నాను. మా తాత నాటి నుంచి తెలుసన్నాడు.

"మరి మూడోతూరి ఎందుకు పిలవలేదు?"

"పలుకుతారని," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన తాంబూలం పక్కకు తోసి నిదానంగా చెప్పాడు. "మూడోతూరి పిలిస్తే పలుకుతారు గదప్పా. పలికినాక లోపలికి పోవాల, మడుసుల్ని రాయాల. ఇంట్లో నాకు చిన్నబిడ్డలు ఉండారు. అమ్మను ఎంటబెట్టుకోని ఇంటికొచ్చేదా?"

తిడదామనుకునే వెళ్ళాను. నాకప్పటికి బిడ్డల్లేరు. ఉంటే నేను మూడోసారి పిలిచేవాణ్ణా? ఏమో. అయితే ఒకటి మాత్రం ఆయన్ని అడిగాను. అమ్మ తగ్గాక మళ్ళీ వెళ్ళి సరిదిద్దవచ్చు కదా? అప్పటికే లెక్కలు పైకి పోయాయన్నాడు. పైకి పోయిన లెక్కను కిందికి దించిన వాణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు.

మర్నాడు హెడ్ గుమాస్తాకు అంతా చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. అయ్యో పాపం అని రెండుసార్లు అన్నారు. కానీ బేచిరాకు అన్న మాట కొట్టేయాలంటే తాశీల్దారుగారు స్వయంగా వెళ్ళి ఊరు చూసి, మనుషులున్నారని రాయాలి. అందుకు ఆయనే కష్టపడి కాగితం తయారు చేశారు. ఇంకా మంచి చేద్దామని చివర ఒక వాక్యం చేర్చారు. తాశీల్దారుగారి తనిఖీ అయ్యేదాకా ఆ ఊరివాళ్ళు ఒక్కరు కూడా ఊరు విడిచి పోరాదని. దొర వెళ్ళేసరికి మనుషులు కనబడకపోతే మొదటికే మోసం కదా అని ఆయన ఆలోచన. ఆ ఆలోచనలో అప్పుడు నాకూ తప్పు కనబడలేదు. తాశీల్దారు సంతకం అయ్యాక కరణం తలారిని పంపి ఆ ఉత్తర్వు ఊళ్ళో చెప్పించాడు.

వచ్చేవారమే క్యాంపు అన్నారు. ఆ వారం యుద్ధనిధి వసూళ్ళ సభ పడింది. తరువాత తిరుపతిలో ఉత్సవాల బందోబస్తు. ఆ వెనక ఏడాది శిస్తు లెక్కలు తేల్చే జమాబంది. అది అయ్యాక తాశీల్దారుగారి మోకాలు వాచింది. ప్రతిసారీ తలారి కొండెక్కి, ఈ వారం కాదంట, పై వారమంట, యాడికీ పోగాకండి అని చెప్పి వచ్చేవాడు.

ఆ రోజుల్లో పాకాల స్టేషను యార్డులో పని దొరికేది. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి కదా, అడవిలో కాల్చిన బొగ్గూ, రైలింజన్లకు కట్టెలూ అక్కడ పోగేసి వ్యాగన్లకెత్తేవాళ్ళు. రోజుకూలికి ముప్పూటలా కాకపోయినా ఒక పూట సంగటికి వచ్చేది. చుట్టుపక్కల యానాది గూడేలన్నీ పాకాలకు దిగిపోయాయి. సుగాలీలూ పోయారు. మా ఊరివాళ్ళు మాత్రం పోలేదు. మా ఊరు అంటున్నాను, చూడండి. నాకు తెలియకుండానే అట్లా అలవాటైంది.

ఇంట్లో రాగులు ఒక సంచిలో పోసి నా భార్య నా సైకిలుకు కట్టింది. తీసుకెళ్ళి అవ్వకిచ్చాను. ఊరంతటికీ ఒక సంచి. ఆమె గుడిసె గుడిసెకూ పిడికిలితో పంచుతుంటే చూడలేక తల తిప్పుకున్నాను. అప్పటికే ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. ఏదో చేదుగడ్డ ఉడికించి తిని బేదులు పట్టుకుని ఒక గుడిసెలో తల్లీబిడ్డా మంచాన పడి ఉన్నారు.

నేను అవ్వను బతిమాలాను. "అవ్వా, మీరు పాకాలకు పోండి. ఆడ పని ఉండాది. దొర వచ్చేటప్పుడు నేను కబురంపిస్తా."

"మేము పొయ్యినాక దొర వస్తే?"

"మీరు ఉండారని నేను చెప్తా."

"నువ్వు చెప్తే ఇంటాడా?" అంది అవ్వ. "నేనే పొయ్యి ఆడ నిలబడి, మేము ఉండాము అంటేనే మీ ఆయప్ప ఇనలేదు గదా సామీ."

ఆమె నన్నే ఓదారుస్తున్నట్టు, ఇంకో వారమే కదా అంది. ఈసారి పోతే ఊరు లేదని గట్టిగా రాసేస్తారనీ, అప్పుడు అడవిగార్డులు గుడిసెలు పీకేసినా అడిగే దిక్కుండదనీ ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. తన తల్లీ తండ్రీ పుట్టిన ఊరు తన ఏలుబడిలో లేకుండా పోయిందన్న మాట పడలేనంది.

కచేరీకి వచ్చి హెడ్ గుమాస్తా మీద అరిచాను. నా సర్వీసు మొత్తంలో పైవాడి మీద అరిచింది అదొక్కటే. ఆ చివరి వాక్యం కొట్టేయండి, వాళ్ళని పోనివ్వండి అన్నాను. తాశీల్దారు సంతకమైన ఉత్తర్వులో వాక్యం తానెట్లా కొట్టేస్తానన్నారాయన. అంటూనే కళ్ళు తుడుచుకున్నారు. ఏడుస్తూ కూడా రూలు వదలని మనిషిని ఏం చేస్తాం. జ్ఞాపకం చేస్తూ తాశీల్దారుగారికి ఇంకో కాగితం పెట్టారు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం క్యారియర్లు విప్పలేదు.

నేనే ఆ ఉత్తర్వు లెక్కచేయకండని కొండ మీదికి వెళ్ళి గట్టిగా చెప్పి, వాళ్ళని తోలుకుని వచ్చి ఉండాల్సిందని మీరనవచ్చు. చెప్పాను, ఇంకోసారి కూడా వెళ్ళి చెప్పాను. కాగితం మాట నమ్మాలా, సైకిలు మీద వచ్చిన గుమాస్తా మాట నమ్మాలా? వాళ్ళకు మా కచేరీ ఒక్కటే పాఠం నేర్పింది, రాసిందే ఉంటుందని. వాళ్ళు ఆ పాఠం మాకన్నా బాగా నేర్చుకున్నారు.

చివరికి తాశీల్దారుగారి మోకాలు తగ్గింది. ఒక ఉదయం అందరం కొండెక్కాం. ముందు తలారి, వెనక కరణం, ఆ వెనక తాశీల్దారు, హెడ్ గుమాస్తా, నేను. దారిలో తాశీల్దారుగారు చెట్ల పేర్లు అడుగుతూ హుషారుగానే నడిచారు. ఊరి మొదట్లో ఆగి, పిలవవయ్యా చూద్దామని కరణంతో అన్నారు.

కరణం పిలిచాడు. మొదటి పిలుపుకే అవ్వ గుడిసె లోంచి, ఉండాము దొరా అని జవాబు వచ్చింది. ఆమె వంగి బయటికి వచ్చి, కర్ర పట్టుకుని నిలబడింది. నాకు తెలుసు, ఈ పొద్దు ఒక్క పిలుపుకే పలకాలని ఆమె ఊరందరికీ చెప్పి పెట్టింది. ఊరుందే అని తాశీల్దారుగారు సంతోషంగా హెడ్ గుమాస్తా వైపు చూశారు.

రెండో గుడిసె దగ్గర కరణం పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. ఆ తరువాత మూడోసారి కూడా పిలిచాడు.

"ఆ ఇంట్లో పలికేదానికి ఇంక ఎవురూ లేరు దొరా," అంది అవ్వ. "మొన్న అమాసదాకా ఉండ్రి."

పక్క గుడిసెలోంచి ఒక మగమనిషి పాక్కుంటూ వచ్చాడు. ఆ పక్కది ఖాళీ. దాని పక్కదీ ఖాళీ. ఇంకో గుడిసె ముందర కరణం నోరు తెరవబోతుంటే, తాశీల్దారుగారు చెయ్యెత్తి ఇంక పిలవొద్దన్నారు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని ఒక రాతి మీద కూర్చున్నారు. తరువాత అవ్వను అడిగారు, కింద పని దొరుకుతుంటే ఎందుకు పోలేదు, ఇక్కడే కూర్చుని ఎందుకిట్లా చచ్చారని.

"మీరు ఉండమంటిరి గదా దొరా," అంది అవ్వ.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పిందంతే. తాశీల్దారుగారు హెడ్ గుమాస్తా వైపు చూశారు. ఆయన నేలచూపులు చూశారు. తాశీల్దారుగారు అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. బేచిరాకు అన్న మాట కొట్టివేయడమైనది, గ్రామంలో జనం ఉన్నారు, రాగులు కేటాయించవలసినది. మిగిలిన వాళ్ళ లెక్క నేను రాసుకున్నాను. ఎంతమందో ఇక్కడ రాయను. ఎంతమంది పోయారో రాద్దామన్నా రాయలేను, ముందు ఎంతమంది ఉండేవాళ్ళో ఎవరూ లెక్కపెట్టలేదు కనుక. చావుపుట్టుకల పుస్తకంలోనూ ఒక్క చావు ఎక్కలేదు. లేని ఊళ్ళో ఎవరు చస్తారు? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మా చేతులు కాలలేదు, అదొక్కటే తేడా.

పై వారం నేను మళ్ళీ వెళ్ళాను, వచ్చే నెల నుంచి రాగులు వస్తాయని చెప్పడానికి. ఊళ్ళో మూటలు కడుతున్నారు. చావు జరిగిన గుడిసెలో వాళ్ళు కాపురముండరు. చావు జరగని గుడిసెలు ఊళ్ళో ఎన్నో మిగల్లేదు. అవ్వ రాగుల సంగతి సరిగ్గా విననే లేదు.

"ఊరి పేరు ఎక్కిందా సామీ?"

"ఎక్కింది."

"మళ్ళా తీసెయ్యరు గదా?"

"తీసెయ్యరవ్వా."

"అట్లయితే పాకాలకు పోతాము. బతికితే వస్తాము," అంది. కట్టిన మూట నెత్తిన పెట్టుకోబోయింది. నేను ఎత్తి పెట్టాను. అంత తేలికైన మూట నేనెన్నడూ ఎత్తలేదు.

నెలాఖరుకు ఒకసారి, ఆ తరువాత ఇంకోసారి పాకాల యార్డుకు వెళ్ళి అడిగాను. యానాదులా, వస్తా ఉంటారు పోతా ఉంటారు అన్నాడు మేస్త్రి. ముసలామె ఒకర్తె వచ్చిందా అంటే, శానామంది ముసలోళ్ళు వచ్చినారన్నాడు. కొందర్ని కాట్పాడి వైపు పనికి రైలెక్కించారట. ఎవరెవరినో ఆయనకు తెలియదు. ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే నాకు దుఃఖం మిగిలేది, కోపం కాదు. మరికొన్ని నెలలకు నా బల్ల మీదికి ఆ ఊరి రసీదులు వచ్చాయి. రాగులు ముట్టినట్టు ఇంటింటికీ వేలిముద్రలు. నెలనెలా, తప్పకుండా. ఊళ్ళో పిట్ట లేదు, రాగులు మాత్రం కింది ఊరి దాకా బండిలో వస్తున్నాయి, అక్కడ కరణం గాదెలో దిగుతున్నాయి. కంచే చేను మేస్తే అడిగేదెవరు? రసీదులు పట్టుకుని హెడ్ గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను.

ఆ కొండ దిగి వచ్చాక ఆయన మారిపోయారు. అన్నం ఇంట్లోనే తిని వచ్చేవారు. నేను చెప్పిందంతా విని, ఊళ్ళ పట్టీ తీసి నా ముందర పెట్టారు. తాశీల్దారు తనిఖీ కావాలని ఈసారి అడగలేదు.

"ఉండారని నువ్వు చెప్తే నేను ఇనలేదు," అన్నారు. "ఇప్పుడు లేరంటా ఉండావు. ఇంటాను. ఆ మాట నువ్వే రాయప్పా. సంతకం నేను పెట్టించుకోని వస్తా. ఈ నెల నించే నిలిచిపోతాయి."

సిరాబుడ్డి నా వైపు జరిపారు. కలం ముంచాను. ఆ ఒక్క మాట రాస్తే కరణం గాదె మూతపడుతుంది. కానీ ఆ మాట రాస్తే ఊరు మళ్ళీ లేకుండా పోతుంది. వాళ్ళలో ఒక్కరు బతికి, ఏ సందెవేళో తిరిగి వచ్చి, ఖాళీ కడుపుతో ఈ వరండాలో నిలబడి రాగులు యాడ ఇస్తారని అడిగితే, పట్టీ తీసి వేలుపెట్టి చూపించేది ఇక నేనే. తీసెయ్యరు గదా అని ఆమె అడిగింది నన్ను, కచేరీని కాదు.

కలం మొనన సిరా ఆరిపోయింది. హెడ్ గుమాస్తా నన్ను తొందరపెట్టలేదు. కాసేపటికి పట్టీ మూసి బీరువాలో పెట్టేశారు. ఆ ఊరి రాగులు కంట్రోలు ఎత్తేసేదాకా కరణం తిన్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. బదిలీ అయ్యేదాకా ప్రతి పొద్దూ కచేరీకి రాగానే ముందు వరండాలోకి చూసేవాణ్ణి. కొండ దిగి ఎవరూ రాలేదు.